చేరినవాడి బాకీ

బళ్లారి జిల్లాలో సిరుగుప్ప, కంప్లి వైపు తుంగభద్ర కాలువల వెంట పోతుంటే, పేరు చివర ‘క్యాంపు’ తగిలించుకున్న ఊళ్లు వస్తాయి. కోస్తా జిల్లాల నుంచి వలస వచ్చిన తెలుగు రైతులు కట్టుకున్న ఊళ్లవి. 1953లో డ్యామ్ నిండి కాలువల్లో నీళ్లు పారడం మొదలయ్యాక, డెల్టాలో ఉన్న కాస్త పొలం అమ్ముకుని ఆ డబ్బుతో ఇక్కడ అంతకు ఎన్నో రెట్ల నల్లరేగడి కొనుక్కున్నారు. కంప కొట్టి, నేల చదును చేసి, వరి పండించి, పిల్లల్ని చదివించాలి. వాళ్లు పెట్టుకున్న లక్ష్యం అంతే. దాన్ని చేరుకున్నారు కూడా. మూడో తరం బెంగళూరులోనో హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉంది. అప్పులు తీరాయి, మేడలు లేచాయి, రామాలయం కట్టారు. బళ్లారి పట్నంలో ప్రభుత్వోద్యోగం చేసి దిగినవాళ్ల సంగతీ ఇంతే. రిటైరయ్యే వయసు సరిహద్దుకు ఇటు కర్ణాటకలో అరవై, అటు ఆంధ్రలో అరవై రెండు, అదొక్కటే తేడా. రేపటి నుంచి ఏం చెయ్యాలి, ఎందుకు చెయ్యాలి అన్న ప్రశ్న ఇంకా పరుగులో ఉన్నవాణ్ణి ముట్టదు, చేరుకున్నవాణ్ణే పట్టుకుంటుంది. పైకి చెప్పుకుందామంటే నామోషీ. అన్నీ అమరాక ఇదేం రోగమంటారు.

ఇంగ్లీషు తత్త్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్ ఈ ప్రశ్నను ఏదీ సాధించకముందే వేసుకున్నాడు. 1826లో, ఇరవయ్యేళ్ల వయసులో, తాను కోరుకున్న సంస్కరణలన్నీ ఈ క్షణమే నెరవేరితే తనకు సంతోషమేనా అని తరచి చూసుకున్నాడు. కాదని లోపలినుంచి జవాబు వచ్చింది. దాంతో నెలల తరబడి కుంగిపోయాడు, ఆ సంగతి ఆత్మకథలో దాచకుండా రాసుకున్నాడు. లక్ష్యం ఏదైనా చేరేదాకానే మనిషిని నడిపిస్తుంది, రోజుకో తీరు కల్పిస్తుంది, కష్టానికి సాకు ఇస్తుంది. చేరిన నాటితో దాని పని సరి. అందుచేత ఆ ఖాళీలో మనిషి తప్పేమీ లేదు. దీనికి మన దగ్గర రెండు మందులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి: ఇంకా పెద్ద లక్ష్యం పెట్టుకోవడం, లేదా అన్నీ వదిలి కృష్ణా రామా అనుకోవడం. మొదటి మందు ఎలా పనిచేస్తుందో బళ్లారికి ఒకరు చెప్పక్కర్లేదు. చైనా గిరాకీకి ఇనుప ఖనిజం ధర ఎగబాకిన ఏళ్లలో ఒక లారీ ఉన్నవాడికి పది లారీలు కావలసివచ్చాయి, పది ఉన్నవాడికి గని కావలసివచ్చింది, గని ఉన్నవాడికి ఏకంగా ప్రభుత్వమే కావలసివచ్చింది. 2011 జూలైలో సుప్రీంకోర్టు జిల్లాలో తవ్వకాలు ఆపించేదాకా ఇక చాలన్న మాట ఎక్కడా వినబడలేదు. అదంతా ఆశే అనుకోను, ఆగితే ఏముంటుందోనన్న భయం కూడా ఉందందులో. ఇక రెండో మందు. వైరాగ్యం నిజంగా కలిగినవాళ్లకు దండం పెట్టాల్సిందే. కాని ఎక్కువమంది చేతిలో అది పన్నెండు జ్యోతిర్లింగాలు, నూట ఎనిమిది దివ్యదేశాలు అని టిక్కులు పెట్టుకునే జాబితాగా మారి, పాత పరుగే పంచె కట్టుకుని మళ్లీ మొదలవుతుంది.

ఈ రెండింటిలోనూ కనబడే పొరపాటు ఒకటే. లక్ష్యం చేరగానే దానితో మన లెక్క తీరిపోయిందనుకుంటాం, ఇక కొత్త లెక్క తెరవడమో పుస్తకమే మూసెయ్యడమో మిగిలిందనుకుంటాం. కాని సాధించినదేదీ ఒంటరిగా ఉండదు. మన వెనకాల దాని మీద ఆధారపడేవాళ్లు పుడతారు, దానివల్ల నష్టపోయినవాళ్లూ మిగులుతారు. క్యాంపుల కథే చూడండి. తుంగభద్ర కాలువలను తవ్వించినప్పటి లెక్క వరికి కాదు. కరువు సీమలో వీలైనంత ఎక్కువ నేలకు తలా కాసిన్ని నీళ్లు అందాలని, జొన్న, పత్తిలాంటి ఆరుతడి పంటలకే ఎక్కువ ఆయకట్టును నిర్ణయించారు. తూము దగ్గరున్నవాళ్లు వరి వేశారు. వరి వేసినందువల్లే అప్పులు తీరాయి, పిల్లలు చదివారు. అందువల్లే చివరి ఆయకట్టుకు నీళ్లు చాలకుండా పోయాయి, పైన కొన్ని పొలాలు చౌడుబారాయి. దిగువ కాలువ కర్ణాటకలో నుంచి సాగి సరిహద్దు దాటి కర్నూలు జిల్లాలోకి పోతుంది. అంటే పైన నీళ్లు వాడుకునేవాళ్లలో తెలుగువాళ్లున్నారు, కింద ఆలూరు, ఆదోని వైపు నీళ్లకు ఎదురుచూసేదీ తెలుగువాళ్లే. పైవాళ్లను దొంగలనడానికి ఇదంతా చెప్పడంలేదు. ఆ పంటల నిర్ణయాన్ని ఉల్లంఘించిన రైతు బతకడానికే ఉల్లంఘించాడు. కాని బతుకు గట్టెక్కిన తర్వాత ఏం చెయ్యాలో తోచడం లేదన్నవాడికి, నిజానికి ఒక పని చాలాకాలంగా కాలువ కిందివైపు కాచుకుని ఉంది. ఇంకేం సాధించాలి అని అడిగినంతకాలం అది కనబడదు. నేను సాధించినది ఎవరి మీద ఎలా పడింది అని అడిగితే కనబడుతుంది.

ఈ మాటకు నాకు దొరికిన గట్టి సాక్ష్యం పొలంలో కాదు, రంగస్థలం మీద ఉంది. బళ్లారి రాఘవ 1880లో పుట్టాడు. మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్లారిలో వకీలుగా ఉంటూ 1886లో సరస వినోదినీ సభ స్థాపించి, తెలుగు నాటకానికి పితామహుడనిపించుకున్నాడు. మేనల్లుడూ వకీలే అయ్యాడు, పబ్లిక్ ప్రాసిక్యూటరుగా పేరు తెచ్చుకున్నాడు. నాటకం డబ్బు కోసం ఆడలేదు, వచ్చిన వసూళ్లు దానాలకే పోయేవి. హిరణ్యకశిపుడుగా, దుర్యోధనుడుగా, కోలాచలం శ్రీనివాసరావు రాసిన విజయనగర పతనం నాటకంలో పఠాన్ రుస్తుంగా తెలుగు నటుడు అందుకోగల ఎత్తు అందుకున్నాడు. 1928లో ఇంగ్లండ్ వెళ్లి నాటకకర్త బెర్నార్డ్ షాను కలిశాడు. అప్పటికి యాభైకి దగ్గరపడ్డాడు. వృత్తిలోనూ కళలోనూ ఇక ఎక్కవలసిన మెట్టు లేదు. అవే రాజవేషాలు చప్పట్ల మధ్య చచ్చేదాకా వేసుకుంటూ పోవచ్చు, ఎవరూ తప్పుపట్టరు. కాని తనకు అంత పేరిచ్చిన రంగస్థలంలో ఒక లోటుంది: ఆడవేషాలు మగవాళ్లే వేస్తున్నారు, పద్యం రాగం తీసి పాడితే వన్స్‌మోర్, మాట మనిషి మాట్లాడినట్టు ఉండదు. రాఘవ తన చివరి రెండు దశాబ్దాలూ ఎక్కువగా ఈ లోటు మీద ఖర్చుపెట్టాడు. కొమ్మూరి పద్మావతీదేవి వంటి చదువుకున్న కుటుంబ స్త్రీలను తన పక్కన వేదిక ఎక్కించాడు. తర్వాతి కాలంలో మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయిన పి.వి. రాజమన్నార్ రాసిన ‘తప్పెవరిది’ లాంటి సాంఘిక నాటకాలు ఆడాడు. వీటిలో కిరీటాలు, గదలు, గర్జనలు ఉండవు. నటుడి లెక్కలో ఇది మెట్టు దిగడమే. సినిమా వచ్చాక 1936లో ‘ద్రౌపదీ మానసంరక్షణము’, 1939లో ‘రైతుబిడ్డ’ లాంటివి నాలుగు రోజుల ముచ్చటగా వేశాడు గాని, కొత్త కీర్తి కోసం దాని వెంట పడలేదు. 1946లో పోయేనాటికి ఆయన పనిని పాత్రల జాబితాగా చెప్పడం కుదరదు. తను లేకపోయినా ఇంకొకరు, ముఖ్యంగా ఒక స్త్రీ, నిలబడగలిగిన వేదిక అది.

విశ్రాంతి పాపమా అని అడగవచ్చు. ముప్పై నలభై ఏళ్లు గొడ్డుచాకిరీ చేసినవాణ్ణి పట్టుకుని నీకింకా బాకీ ఉందంటే అది క్రూరమే. ఈ అభ్యంతరానికి సగం తలవంచుతాను. ఒళ్లు అలసినవాడికి అరుగు మీద కూర్చునే హక్కుంది, అతనికి తత్త్వబోధ అక్కర్లేదు. కాని మనం మాట్లాడుతున్నది కూర్చున్నా కూర్చోలేనివాడి గురించి. అలాంటివాడికి ఎలాంటి పని మిగిలి ఉంటుందో ఒక ఉదాహరణ చూడండి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. ముప్పైమూడు గేట్లలో ఒకటి పోతే నీళ్లన్నీ నదిపాలే అన్న పరిస్థితి. అప్పుడు పారే నీళ్లలోనే స్టాప్‌లాగ్ (తాత్కాలిక అడ్డుగేటు) దింపే పనికి దారి చూపినవాడు కన్నయ్యనాయుడు. చిత్తూరు జిల్లాకు చెందిన గేట్ల నిపుణుడు, ఎప్పుడో రిటైరయ్యాడు, వయసు అప్పటికే ఎనభైకి దగ్గర. వారంలో ప్రవాహం కట్టుబడింది. అది కొత్త ఘనతేమీ కాదు, ఎప్పుడో కట్టిన డ్యామ్‌ను నిలబెట్టడం. 133 టీఎంసీలకు కట్టిన జలాశయం పూడికతో 105కు దిగింది. ప్రారంభోత్సవం ఒక్కనాడే జరుగుతుంది, కాపాడుకోవడానికి మాత్రం తేదీ ఉండదు. ఇలాంటి పనిలో అలసట ఉండొచ్చేమో గాని, అయిపోయిందన్న ఖాళీకి చోటు లేదు. బాధ్యత బరువే కదా, అందులో సంతోషమెక్కడిది అంటే, మిల్ కూడా చివరికి ఇక్కడికే చేరాడు: తన సంతోషం మీద కాక మరోదాని మీద మనసు నిలిపినవాళ్లకే అది దారిలో దొరుకుతుందని.

దీనికన్నా బలమైన అభ్యంతరం ఇంకొకటుంది. ఇదంతా కడుపు నిండినవాళ్ల గొడవ. సండూరు గనుల్లో ఎర్రదుమ్ము పీల్చిన కూలీకి, జీవితాశయం తీరాక ఏమిటన్న బెంగ ఎక్కడిది? ఆ మాటకొస్తే ఈ జిల్లాలో ఆశయం తీరని తెలుగువాళ్లకూ కొదవలేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు పోయాయి, బళ్లారి తాలూకా మైసూరుకు పోయింది. రాష్ట్రం కోరుకున్నవాళ్లు రాష్ట్రం వచ్చిన రోజునే దానికి బయట మిగిలారు, అయినా నాటకాలు ఆగలేదు, బళ్లారిలో రాఘవ కళామందిరం లేచింది. కాబట్టి బతుకుకు అర్థం గెలిచినవాళ్ల సొత్తు కాదు, ఒప్పుకుంటాను. కాని కడుపు నిండినవాళ్ల గొడవ కనుకే దీన్ని పట్టించుకోవాలంటాను. నష్టం భరించగలిగేది వాళ్లొక్కరే. కొత్తగా పేరు కోసం తంటాలుపడుతున్న నటుడు వన్స్‌మోర్‌ను కాదనలేడు. రాఘవ కాదనగలిగాడు, పేరు అప్పటికే వచ్చేసింది గనుక. పిల్లల ఫీజులు కట్టవలసిన రైతు వరి మానలేడు. పిల్లలు డాలస్‌లో స్థిరపడ్డ రైతు తూము దగ్గర ఈ ఏడు జొన్న వేస్తానంటే అతని ఇంట్లో పొయ్యి ఆరిపోదు, నీటి సంఘం సమావేశంలో ఆ మాట అతని నోటినుంచి వస్తే ఇంజనీరు చెప్పినదానికంటే ఎక్కువ చెల్లుతుంది. అలా చెప్పేవాళ్లు అరుదేనని తెలుసు. పక్క పొలంవాడు వరి వేసుకుంటుంటే నేనొక్కణ్ణే ఎందుకు మానాలనడం న్యాయమైన ప్రశ్నే. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు, ముందు ఒకరు మానితే తప్ప రెండోవాణ్ణి అడగడానికి ఎవరికీ ముఖం ఉండదన్న మాట తప్ప.