వాపసు రమ్మన్న గడియారము

చెడిపోయిన వస్తువును పారవేయుటకు ఎవ్వరును ధర్మవిచారము చేయరు. చక్కగా పనిచేయుచున్న వస్తువును గూర్చి, దానిని చేసినవాడే వచ్చి "ఇది అపాయకరము, తిరిగి పంపుడు" అన్నప్పుడు గదా మనస్సునకు పరీక్ష కలుగునది! అమ్మిన సరకును ఇట్లు వెనుకకు రప్పించుకొనుటను రీకాల్ అందురు. మోటారు కార్ల విషయమున ఇది వినుచున్న మాటయే. అట్టి పిలుపు రేయింబవళ్లు మణికట్టును అంటిపెట్టుకొని యుండు వస్తువునకు వచ్చినచో దానిని ఉంచుకొనవచ్చునా?

ఒక వాస్తవమైన ఉదాహరణము కలదు. అమెరికాకు చెందిన ఫిట్‌బిట్ సంస్థ 2017లో అయానిక్ అను స్మార్ట్‌వాచీని విపణిలోనికి తెచ్చెను. అది కాలమును చెప్పుటయే గాక గుండె కొట్టుకొను వేగమును, నడచిన అడుగులను, నిద్రించిన గంటలను లెక్కించునట్టిది. 2020లో దాని తయారీ నిలిచిపోయెను. 2021 జనవరిలో ఆ సంస్థను గూగుల్ కొనెను. 2022 మార్చి 2వ తేదీన ఆ సంస్థయు, అమెరికా ప్రభుత్వపు వినియోగ వస్తు భద్రతా సంఘమును కలిసి ఆ గడియారములను వాపసు పిలిచిరి. లోపలి లిథియం అయాన్ బ్యాటరీ మితిమీరి వేడెక్కి చర్మమును కాల్చవచ్చుననుట కారణము. అమెరికాలో సుమారు 10 లక్షలు, ఇతర దేశములలో సుమారు 6 లక్షల 93 వేలు అప్పటికే అమ్ముడుపోయి యుండెను. వేడెక్కినవను ఫిర్యాదులు అమెరికా నుండి 115, ఇతర దేశముల నుండి 59 వచ్చెను. కాలిన గాయములు అక్కడ 78, ఇతరత్ర 40. అమెరికాలో ఇద్దరికి చర్మము పూర్తి లోతు వరకు కాలెను. గడియారమును తిరిగి ఇచ్చినవారికి 299 డాలర్లు చెల్లింతుమని ప్రకటించిరి.

ఇక ఆ గడియారము గల గృహస్థుని ఆలోచన ఎట్లుండును? ఫిర్యాదులు మొత్తము 174. గడియారములు సుమారు 17 లక్షలు. అనగా పదివేలలో ఇంచుమించు ఒకటి. ఆ ఒక్కటి తనదే యేల కావలెను? నాలుగేండ్లుగా ధరించుచున్నాడు, ఒక్కనాడును వేడెక్కలేదు. పైగా వైద్యుడు నడువుమని చెప్పిన నాటి నుండి తనను ప్రతిదినము నడిపించినది అదియే. ఇన్నేండ్ల నడక లెక్క అంతయు దాని మూలముననే కూడినది. ఈ మమకారమును చూచి నవ్వుట తగదు. మేలు చేసిన వస్తువుపై మనిషికి అభిమానము పుట్టుట సహజము.

కాని "ఇంతవరకు ఏమియు కాలేదు" అనునది బ్యాటరీ విషయమున గట్టి సాక్ష్యము కాదు. ఈ జాతి బ్యాటరీలో రెండు ధ్రువముల నడుమ మిక్కిలి పలుచని పొర యొకటి యుండును. దాని చుట్టును మండు స్వభావము గల ద్రవముండును. తయారీలోని లోపము చేతనో, వాడుక చేతనో ఆ పొర ఒకచోట తెగినచో విద్యుత్తు అడ్డదారిన ప్రవహించి వేడి పుట్టును. ఆ వేడి మరింత వేడిని పుట్టించును. అంతకు ముందటి దినము వరకు అది అన్ని గడియారముల వలెనే పనిచేయవచ్చును.

"నా దేహము నాది, కాలినచో నాకే కాలును" అనువాడును కలడు. ఈ వాదము తోసివేయదగినది కాదు. తెలిసి తన మేనిపై తెచ్చుకొను సాహసమునకు పెద్దవానిని ఎవరు నిర్బంధింపగలరు? అయితే గడియారము ఎల్లప్పుడు మణికట్టుననే యుండునా? రాత్రివేళ ఛార్జింగు కొరకు పడక ప్రక్కన నుండును. స్నానమునకు పోవునప్పుడు బల్లపై నుండును, మనుమడు దానిని తీసి తన చేతికి చుట్టుకొనును. "ధరింపను, సొరుగులో దాచియుంతును" అనువానిది మరియు విచిత్రము. ఆ సొరుగును ఎన్నడో తెరచువానికి రీకాల్ సంగతి తెలియునా?

అన్నింటికంటె చింతింపవలసినది దానమను పేర జరుగు బదిలీ. అమెరికాలో స్థిరపడిన కుమారుడు తాను వాడిన గడియారమును హైదరాబాదులోనో కర్నూలులోనో ఉన్న తండ్రికి తెచ్చి యిచ్చుట మన కుటుంబములలో పరిపాటియే. రీకాల్ లేఖ వచ్చుట కొన్న కుమారుని పేర గాని, దానిని పెట్టుకొన్న తండ్రి పేర కాదు. మన దేశమున 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము అపాయకరమైన సరకును వాపసు రప్పించు అధికారమును కేంద్ర ప్రాధికార సంస్థకు ఇచ్చినది. అయినను సంచిలో వచ్చిన కానుక ఏ చట్టము కంట పడును? అమెరికాలో రీకాల్ అయిన వస్తువును తిరిగి అమ్ముటయే 2008 చట్టము ప్రకారము నేరము. తాను ధరించుటకు సందేహించిన దానిని తండ్రి చేతికి కట్టుట దాసోహమెట్లగును?

గృహస్థునికి కోపమును రావచ్చును. దానికి కారణము లేకపోలేదు. 2018 నుండి 2020 వరకు ఆ గడియారములు వేడెక్కుచున్నవని ఫిర్యాదులు సంస్థకు అందుచునే యుండెను. 2020 తొలి మాసములలో వేడిని తగ్గించుటకు లోని ప్రోగ్రామును సవరించి పంపిరి. ఆ తరువాతను ఫిర్యాదులు వచ్చెను. అయినను చట్టము కోరినట్లు ప్రభుత్వమునకు వెంటనే తెలుపలేదని భద్రతా సంఘము ఆరోపించెను. తుదకు 1 కోటి 22 లక్షల 50 వేల డాలర్ల జరిమానా చెల్లించుటకు సంస్థ అంగీకరించినట్లు 2025 జనవరిలో ప్రకటన వెలువడెను. "అంతకాలము పెదవి విప్పనివారు ఇప్పుడు పంపుమన్నంత మాత్రమున పంపవలెనా?" అని అతడడుగును.

ప్రశ్న న్యాయమైనదే. కాని ఒక్కమారు తన మాటలను సంస్థ తీరుతో సరిపోల్చి చూడవలెను. ఫిర్యాదులు కొద్ది, గడియారములు లక్షలు, చేసిన సవరణ చాలవచ్చును, మరికొంత కాలము చూతము. అక్కడి జాప్యము వెనుక ఇట్టి తలపులే యుండెనేమో! అవియే గృహస్థుని నోటను పలుకుచున్నవి. అక్కడ వ్యాపారము, ఇక్కడ మమకారము. వేరొకరి చర్మమునకు రాగల ముప్పును తక్కువగా తూచుట రెండింటను సమానము.

పైగా ఆ పిలుపు సంస్థ నోట వచ్చినను సంస్థది మాత్రమే కాదు. చేయి కాలినవారు, కాలుననిపించినవారు, పనులు మానుకొని ఫిర్యాదు వ్రాసిరి. ఆ 174 ఫిర్యాదులే లేకున్నచో పిలుపునకు ఆధారమెక్కడిది? వారిలో ఎవ్వరును ఈ గృహస్థుని ఎరుగరు.

299 డాలర్లను గూర్చి పెద్ద చర్చ అక్కరలేదు. నాలుగేండ్లు వాడిన గడియారమునకు అంత వచ్చుట లాభమే. వస్తువును దాచుకొని సొమ్ము మాత్రము పుచ్చుకొనదలచుట దొంగతనమే.

ఇప్పటికిని అట్టి గడియారము ఎవరి ఇంటనైన నున్నచో ధరించుటను, ఛార్జింగు పెట్టుటను మానవలెను. లిథియం బ్యాటరీ చెత్తబండిలో నలిగినచో అక్కడను మంట పుట్టును, కావున ఇంటి చెత్తలో వేయరాదు. మామూలు టపాలో పంపరాదు. వాపసు సంగతి సంస్థనే అడిగి తెలిసికొనవలెను. ఆ దారి లేనిచో ఈ-వ్యర్థములను సేకరించు కేంద్రమున, రీకాల్ అయినదని నోటితో చెప్పి మరీ అప్పగింపవలెను.