ఆలోచన పెద్దలది, తీర్పు దంపతులది



పెళ్లయి మూడు నెలలు తిరక్కముందే కొత్త కోడలిని చుట్టాలు అడిగే మాట "ఏమైనా విశేషమా?" అని. మొదట ఆడపిల్ల పుడితే "ఈసారి మగపిల్లవాడే" అంటారు. ఇద్దరు పుట్టాక "ఇక చాలు, కాన్పుతోపాటే ఆపరేషన్ చేయించెయ్యండి" అని ఆసుపత్రి వరండాలోనే తీర్మానిస్తారు. బిడ్డను మోసేది తల్లి. పెంచే బాధ్యత తల్లిదండ్రులది. మరి బిడ్డలు ఎందరు, ఎప్పుడు అన్న నిర్ణయం ఎవరిది?

"అది భార్యాభర్తల సొంత విషయం, మూడో మనిషికి ఏం పని?" అని కొందరంటారు. అందులో సగమే నిజం ఉంది. మన ఇళ్లలో తొలి కాన్పు పుట్టింట జరుగుతుంది. పథ్యం వండేది అమ్మ, పసిబిడ్డకు నీళ్లు పోసేది అమ్మమ్మో నాయనమ్మో. కోడలు ఉద్యోగానికి వెళ్తే బిడ్డ పెరిగేది వారి ఒడిలోనే. ఇంత భారం పంచుకునేవారిని నోరు మెదపవద్దనడం న్యాయం కాదు. తల్లిదండ్రులను గౌరవించమని నాలుగవ ఆజ్ఞ మనకు బోధిస్తోంది. కాని గౌరవించడం వేరు, మన నిర్ణయాన్ని వారి చేతిలో పెట్టడం వేరు.

వివేకమనే సుగుణానికి మూడు పనులున్నాయని పునీత తోమాసు అక్వినాసు గారు బోధించారు: ఆలోచన అడగడం, తీర్పు చేయడం, ఆ తీర్పును ఆచరణలో పెట్టడం. మొదటి పనిలో అనుభవజ్ఞులు పాలు పంచుకోవాలి, ఎందుకంటే ఏ ఒక్కరూ అన్నీ చూడలేరు. తీర్పు మాత్రం ఎవరు దేవునికి జవాబు చెప్పాలో వారే చేయాలి. రెండవ వతికాను మహాసభ 1965లో ఇదే చెప్పింది. దంపతులు తమ మేలును, బిడ్డల మేలును, కాలపరిస్థితులను, సంఘం మేలును తూచి, చివరి తీర్పు దేవుని ఎదుట తామే చేసుకోవాలి.

"దేవుని ఎదుట" అన్న మాటను మరువరాదు. ఇష్టం వచ్చినట్లు చేయమని దాని అర్థం కాదు. ఉదార మనసుతో ఎక్కువమంది బిడ్డలను స్వీకరించినా, తగిన బలమైన కారణాలతో మరో బిడ్డను వాయిదా వేసినా, అది బాధ్యతగల మాతృత్వ పితృత్వమేనని ఆరవ పౌలు పోపుగారు 1968లో "హుమానే వీతే" లేఖలో వివరించారు. సంతాన నిరోధక ఆపరేషన్‌ను మాత్రం శ్రీసభ అంగీకరించదు. ఇలా బోధించడం గురువుల విధి. కాని అంతరాత్మను తీర్చిదిద్దడమే మన పని, దాని స్థానంలో కూర్చోవడం కాదని ఫ్రాన్సిస్ పోపుగారు 2016లో గుర్తుచేశారు. గురువులకే ఆ హద్దు ఉంటే అత్తమామలకు, అమ్మానాన్నలకు ఉండదా?

లూకా సువిశేషం మొదటి అధ్యాయం తెరచి చూడండి. ఎలిశబేతమ్మకు బిడ్డ పుట్టాడని ఇరుగుపొరుగువారు, బంధువులు సంతోషించారు. ఎనిమిదవ రోజున వచ్చి, బిడ్డకు తండ్రి పేరే పెట్టబోయారు. తల్లి కాదన్నది, యోహాను అని పెట్టాలన్నది. వారు ఆమె మాటతో ఆగలేదు, తండ్రికి సైగ చేసి అడిగారు. జెకర్యా పలక తెప్పించుకొని భార్య చెప్పిన పేరే వ్రాశాడు. బంధువుల ప్రేమలో లోపం లేదు. వారు తమ హద్దు దాటారు, అంతే. ఆ దాటిన చోట భర్త భార్య పక్కన నిలబడ్డాడు.

మన ఇళ్లలో అలా నిలబడే భర్తలు ఎందరు? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహిత స్త్రీలలో నూటికి దాదాపు 70 మందికి ఈ ఆపరేషన్ జరిగింది. పురుషుల ఆపరేషన్లు నూటికి ఒకటి కూడా లేవు. ఇందులో ఎన్ని సంతకాలు ఆమెవి, తీర్మానాలు మరొకరివి? నొప్పులు పడుతున్న మనిషి ముందు కాగితం పెట్టి తీసుకున్న సమ్మతిని అంతరాత్మ తీర్పు అనగలమా?

అలాగే వంశం నిలపాలని కోడలిని మూడో కాన్పుకు, నాలుగో కాన్పుకు నెట్టడమూ తగదు. బిడ్డ ఆడో మగో తేల్చేది తండ్రి వైపు నుంచి వచ్చే బీజకణమని బడిపిల్లలకూ తెలుసు. అయినా నింద తల్లికే. బిడ్డలు లేని ఇంట్లోనూ అంతే. లోపం భర్తలో ఉండవచ్చునని తెలిసీ పరీక్షలకు, ఉపవాసాలకు ఆమెనే పంపుతాం. హన్నమ్మ కన్నీటికి కారణం గొడ్రాలితనం ఒక్కటే కాదు, సవతి పెనిన్నా ఎత్తిపొడుపులు కూడా.

పెద్దలారా, మీ మాట ఆలోచనో, ఒత్తిడో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. "నా మోకాళ్లు పట్టడం లేదమ్మా, ఇంకో బిడ్డను నేను పెంచలేను" అంటే అది నిజం చెప్పడం. దంపతులు దాన్ని తూచాలి. "నా మాట వినకపోతే నా గడప తొక్కవద్దు" అంటే అది బెదిరింపు. వారు మీ ఆలోచన కాదన్న మరునాడు కూడా మీ ప్రేమ తగ్గకపోతే మీరు ఇచ్చింది సలహా. తగ్గితే మీరు ఇచ్చింది ఆజ్ఞ.

దంపతులారా, "మా అమ్మ ఒప్పుకోదు" అన్న జవాబు దేవుని సన్నిధిలో చెల్లదు. తల్లిదండ్రులను విడిచి భార్యను హత్తుకోమన్నది ప్రభువు మాట. ఆమెతో ఏకాంతంగా కూర్చొని, ఆమె ఆరోగ్యం, ఆమె భయం, ఆమె ఆశ అడిగి తెలుసుకోండి. కలిసి ప్రార్థించండి. అవసరమైతే మీ విచారణ గురువును కలవండి. ఆ తర్వాత పెద్దలకు చెప్పవలసిన మాటను భర్తే చెప్పాలి, కోడలి నోటితో చెప్పించకూడదు. మర్యాదగా, స్థిరంగా చెప్పండి.

ఈ ఆదివారం దివ్యబలిపూజ నుంచి ఇంటికి వెళ్లాక, మీ ఇంటి కోడలినో కూతురినో "ఏమైనా విశేషమా?" అని అడగకండి. "ఎలా ఉన్నావమ్మా?" అని అడిగి, ఆమె చెప్పేది చివరిదాకా వినండి.