తేలికగా దొరికినది మనదేనా?



అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రపు ఉత్తర భాగాన రెడ్ లేక్ అనే పెద్ద మంచినీటి సరస్సు ఉంది. విస్తీర్ణం దాదాపు 2,88,000 ఎకరాలు. చలికాలమంతా దానిమీద మంచు గడ్డకట్టి ఉంటుంది. ఏప్రిల్ చివరనో, మే మొదట్లోనో అది కరుగుతుంది. నీరు కాస్త వెచ్చబడగానే వాల్‌ఐ అనే చేపలు గుడ్లు పెట్టడానికి ఏళ్ళలోకి, ఒడ్డున గులకరాళ్ళ మీదికి గుంపులుగా వస్తాయి. చీకట్లో దీపం పడితే వాటి కళ్ళు మెరుస్తాయి. గుడ్లు పెట్టిన తరువాత కూడా కొన్నాళ్ళు ఒడ్డు దగ్గరే ఆకలితో తిరుగుతాయి. సరస్సు లోతు తక్కువ గనుక గాలి వీస్తే నీరు మసకబారుతుంది. ఆ మసకలోనే ఈ చేప బాగా మేస్తుంది. గాలం వేసేవానికి ఇంతకంటే ఏం కావాలి?

ప్రశ్న ఇక్కడే ఉంది. ఏడాదంతా వెదికితేగాని దొరకని చేప తానుగా కాళ్ళ దగ్గరకు వస్తే పట్టుకోవడం తప్పెలా అవుతుంది? “దొరికింది, తీసుకున్నాను” అని మనలో అననివారెవరు? కాని పెద్ద తల్లిచేప ఒక్కటే లక్షకు పైగా గుడ్లు పెట్టగలదు. పట్టిన చేతికి ఒక్క చేపే కనబడుతుంది, ఆ లక్ష కనబడదు. అందుకే అక్కడి రాష్ట్ర చట్టం మే నెల నడిమి వరకు వాల్‌ఐ వేటను మూసి ఉంచుతుంది.

చట్టమొక్కటే చాలలేదు. ఈ సరస్సులో అధికభాగం ఓజిబ్వే ఆదివాసులది, తూర్పున కొంత రాష్ట్రానిది. అమ్మకానికి వలలు వేయడం 1917లో, మొదటి ప్రపంచయుద్ధ కాలంలో మొదలైంది. రెండువైపులా మితిమీరి పట్టారు. 1990లు వచ్చేసరికి చేపే కరువైంది. మరి ముందు ఎవరు ఆపాలి? “నేను మానితే పొరుగువాడు పట్టుకుపోతాడు” అన్న మాటను స్వార్థమని కొట్టిపారేయకండి. ఒంటరిగా మానినవాడు సరస్సును కాపాడలేడు, తన పిల్లలను పస్తు ఉంచగలడు, అంతే. అయినా 1997లో ఆదివాసీ జాలరులే మొదట తమ వ్యాపారపు వలలు ఎత్తేశారు. 1999లో తెగ, రాష్ట్రం, కేంద్రం ఒప్పందం చేసుకొని వాల్‌ఐ వేటను అందరికీ ఆపాయి. కోట్లకొలది చేపపిల్లలను నీట వదిలారు.

2006 మే నెలలో వేట మళ్ళీ మొదలైంది. రాష్ట్రపు వైపున మనిషికి రెండు చేపలే.

బాగానే ఉంది. నాకు మింగుడుపడనిది మాత్రం ఒకటుంది. 1997లో వల ఎత్తిన జాలరికి అప్పటికే అరవై దాటి ఉంటే? చేప తిరిగివచ్చేనాటికి వల లాగే సత్తువ అతని చేతుల్లో ఉండకపోవచ్చు. 2006లో ఆ ఒడ్డున గాలం వేసిన కుర్రవాడు అతనికి ఏమి బాకీ?