వృద్ధ శునకము – సహవాస ధర్మము

వెంట నడచువారిలో ఒకరు అలసినపుడు రెండవవారి ధర్మమేమి? ఆగవలెనా, సాగవలెనా? అలసినవారు మనుష్యులైనచో ఆగవలెనని అందరును తడుముకొనకయే చెప్పుదురు. అలసినది కుక్క అయినచో ఆ సమాధానము అంత త్వరగా రాదు. వచ్చినను అందులో సగము నవ్వు కలసియుండును. కాని 2020వ సంవత్సరమున కరోనా మహమ్మారి లోకమునంతను ఇండ్లలో బంధించినపుడు, నవ్వుటకు మాత్రమే తగినదనిపించిన ఈ ప్రశ్న అనేక కుటుంబములలో నిజమైన ప్రశ్న ఆయెను. విదేశములందలి మన తెలుగు ఇండ్లును అందుకు వెలిగావు.

భారతకథ కుక్కతో మొదలై కుక్కతో ముగియుననిన అతిశయోక్తి కాదు. ఆదిపర్వమున జనమేజయుని యాగశాలకు వచ్చిన కుక్కపిల్లను ఆతని తమ్ములు కొట్టిరి. అది హవిస్సును ముట్టలేదు, ఆ వంక చూడనైన చూడలేదు. తల్లియగు సరమ వచ్చి, ఏ నేరమునకు కొట్టితిరని నిలదీసినది. సభలో బదులు చెప్పినవాడు లేడు. రాజునకు ఊహింపని భయము కలుగునని పలికి అది వెడలిపోయెను. ఇక మహాప్రస్థానిక పర్వమున హిమవత్పర్వతమార్గములో ద్రౌపదియు, సహదేవుడును, నకులుడును, అర్జునుడును, భీముడును వరుసగా కూలిపోగా, ధర్మరాజు వెంట మిగిలినది ఒక్క కుక్క. ఇంద్రుడు రథమెక్కుమనెను, కుక్కకు స్వర్గమున చోటు లేదనెను. ధర్మరాజు ఎక్కలేదు.

ఈ కథను బడిలో చెప్పునపుడు ఆ కుక్క ధర్మదేవతయని ముందుగానే చెప్పివేయుట వాడుక. దానివలన కథ సారము చెడుచున్నది. ధర్మరాజునకు ఆ సంగతి తెలియదు. తెలిసి ఆగినచో అందు గొప్ప యేమున్నది? ఇంతకంటె లోతైన మాట ఇంద్రుని ఆక్షేపణలో కలదు: తమ్ములను, భార్యను దారిలో విడిచి వచ్చినవాడవు, కుక్కను విడువజాలవా యని అతడడిగెను. వారు మరణించిరి, మరణించినవారిని లేపుట నా చేతిలో లేదు, బ్రతికియుండగా వారిని నేను విడువలేదు – ఇదియే ధర్మరాజు సమాధానపు తాత్పర్యము. విడువరాదనుటకు ఆతడు పెట్టుకొన్న హద్దు ప్రాణము, జాతి కాదు.

పాల్కురికి సోమనాథుని బసవపురాణమందును కుక్క కలదు. కల్లిదేవయ్య తన కుక్కచేత వేదము చదివించిన కథ ఎల్లరెరిగినదే. అది పాండిత్యగర్వము నణచుటకు చెప్పిన కథయే గాని, శునకవాత్సల్యమును బోధించుటకు చెప్పినది కాదు. అయినను కుక్కను హీనమని తలచువానికే ఆ దెబ్బ తగులునని మరువరాదు.

ఇక నేటి కాలమునకు వత్తము. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున ఎడిసన్ పరిసరములలో తెలుగు కుటుంబములు అనేకము కలవు. పిల్లలను చూచిపోవుటకు తల్లిదండ్రులు అక్కడికి వెళ్లి కొన్ని నెలలుండి వచ్చుట పరిపాటి. 2020 మార్చి చివరకు అంతర్జాతీయ విమానములు నిలిచిపోగా అట్టి పెద్దలు ఎక్కడివారక్కడ చిక్కుకొనిరి. మే 7వ తేదీన వందే భారత్ విమానములు మొదలగువరకు వారికి తిరుగుదారి లేకపోయెను. ఆ ఇండ్లలో ఒక దానిని తలచుకొందము. కొడుకును, కోడలును గదులలో కూర్చుండి కంప్యూటరు ముందు ఉద్యోగము చేయుదురు; మనుమరాలికి బడి కూడ తెర మీదనే. ఇంటిలో పండ్రెండేండ్ల లాబ్రడార్ కుక్క యొకటి కలదు. దానిని దినమునకు రెండుమారులు వెలుపలికి త్రిప్పు పని డెబ్బదియొక్క యేండ్ల తాతగారి వంతు వచ్చెను.

ఆయన ఊరిలో కుక్క గడప దాటి లోనికి రాకూడదు. కావున మొదటి దినములలో మెడపట్టీ త్రాడు కొనను రెండు వ్రేళ్లతో పట్టుకొని నడచి, తిరిగివచ్చిన వెంటనే కాళ్లు చేతులు కడుగుకొనెడివారు. ఎవరును దానిని గమనించలేదు. ఆ దినములలో లోకమంతయు ఇరువది సెకండ్లు చేతులు కడుగుకొనుచునే యుండెను గదా!

అమెరికా జాతీయ వనములలో కుక్క త్రాడు ఆరడుగులకు మించరాదని నియమము కలదు. మనిషికి మనిషికి నడుమ ఆరడుగుల ఎడముండవలెనని ఆ యేడు అక్కడి ఆరోగ్యశాఖవారు చెప్పిరి. కుక్కను దగ్గర నుంచుకొనుటకు ఏర్పడిన కొలతయే మనిషిని దూరముంచుటకు కొలత యగుట వింత. ఆ తాతగారికి ఆ కాలమున ఆరడుగుల లోపల దొరికిన సహవాసము, ఇంటివారిని మినహాయించిన, ఆ కుక్క యొక్కటే.

కుక్క వయస్సును ఏడుతో గుణించిన మనిషి వయస్సు వచ్చునని చిరకాలముగ చెప్పుకొనుచున్నారు. అది సరికాదని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాండియాగో శాఖ శాస్త్రజ్ఞులు లాబ్రడార్ కుక్కల కణములను పరిశీలించి 2020 జూలైలో ప్రకటించిరి. వారి లెక్కలో ఏడాది కుక్క ముప్పదియేండ్ల మనిషితో సమానము. తరువాత ముదిమి నెమ్మదిగా నడచును. పండ్రెండేండ్ల కుక్క ఇంచుమించు డెబ్బదియేండ్లది. అనగా ఆ త్రాటికి రెండు కొనలయందును ఒకే వయస్సు కలదు.

2020 ఏప్రిల్ 7వ తేదీన న్యూజెర్సీలో రాష్ట్రోద్యానములను, జిల్లా ఉద్యానములను మూసివేసి, మే 2వ తేదీన మరల తెరచిరి. తెరచిన వెంటనే జనము కొండదారులకు ఎగబడిరి. ఇంతకాలము ఇంటిలో మ్రగ్గిన కొడుకునకు వాచంగ్ కొండలలో కాళ్లు చాచి నడవవలెనని కోరిక. కుక్క ప్రాయమున నున్నపుడు త్రాటిని లాగుచు ఆతనికంటె ముందు పరుగెత్తిన దారియే అది. ఇప్పుడది మొదటి ఎత్తులోనే కూర్చుండిపోవును. తీసికొనిపోయిన నడక సాగదు. విడిచిపోదమన్న, బూట్లు తొడుగు చప్పుడు వినరాకున్నను తొడుగు మనిషిని కనిపెట్టి తలుపు దగ్గర వచ్చి పండుకొనును. దానిని ఈడ్చుకొనిపోవుటయు, ఇంటిలో మూసిపోవుటయు రెండును విడుచుటయే. మధ్యమార్గము దారిని కురుచ చేయుట. అందు త్యాగమని గొప్పగా చెప్పుకొనదగినది లేదు. అరగంట నడక తగ్గినది, అంతే.

ముసలి కుక్క నొప్పిని చెప్పుకొనదు. లేచునపుడు ముందరి కాళ్ల మీదనే బరువు మోపుట, మెట్ల దగ్గర నిలిచిపోవుట, వెనుకకాలి గోళ్లు నేలను రాచుకొనుట, ఒకే కీలును మాటిమాటికి నాకుకొనుట – వీనినిబట్టి మనమే తెలిసికొనవలెను. ఎక్కుటకంటె దిగుట దాని ముంజేతులకు కష్టము. మనవలె ఒడలెల్ల చెమర్చి చల్లబడు వీలు దానికి లేదు. రొప్పుటయే దాని సాధనము. కనుక ఎండవేళ దానిని నడిపించుట హింస. అది చేరుటకు నడవదు, వాసన చూచుటకు నడచును. ఒక పొద వద్ద అయిదు నిమిషములు నిలిచినపుడు త్రాటిని లాగువాడు దాని నడకను దొంగిలించుచున్నాడు. తాతగారు లాగలేదు. ఆయన మోకాళ్లకును ఆ అయిదు నిమిషములు కావలసియుండెను.

మనుష్యులు చచ్చుచుండగా కుక్క మాట యెందుకని ఆక్షేపింపవచ్చును. ఆక్షేపణ న్యాయమైనదే. స్పెయిన్ దేశమున 2020 మార్చి మధ్యనుండి కుక్కను త్రిప్పుటకు వెలుపలికి పోవచ్చును గాని, పిల్లలకు మాత్రము ఏప్రిల్ 26 వరకు వీధి ముఖము చూచు అనుమతి లేదు. ఆ తల్లిదండ్రులకు కడుపు మండినచో తప్పుపట్టరాదు. కాని అది నియమము వ్రాసినవారి లోపము. కుక్కకు దక్కినది పిల్లల నుండి దోచినది కాదు. మరియొకవైపు భయము. హాంగ్‌కాంగులో పదునేడేండ్ల పొమరేనియన్ కుక్క యొకదానికి రోగచిహ్నము కొద్దిగా కనిపించినదనియు, అది మార్చి నెలలో మరణించినదనియు వార్త ప్రాకెను. వయోభారమును, పూర్వరోగములును ఉన్న ఆ కుక్క కరోనావలననే చచ్చెనని తేలలేదు. వార్తలో సగమే విని కుక్క వలన రోగము వచ్చునని బెదరినవారు ఎందరో.

అన్నిటికంటె కఠినమైన ప్రశ్న చివరిది. అమెరికాలో లేవలేని కుక్కకు పశువైద్యుడు ముందుగా మత్తునిచ్చి, పిదప పెంటోబార్బిటాల్ అను మందును అధికముగా నరమున ఎక్కించును. కొన్ని నిమిషములలో శ్వాస ఆగును. మనవారు దీనిని విని ఉలికిపడుదురు. అట్లు ఉలికిపడువారే వట్టిపోయిన పశువును సంతకు తోలుటయు, ముసలి కుక్కను ఊరవతల విడిచివచ్చుటయు చూచుచు ఊరకుందురు. కనుక సూదిని చూచి నిందింపబోవుటకు ముందు, ఆ సూది ఎవరి బాధను తీర్చుటకని విచారింపవలెను. కుక్క బాధ తీరుటకైన అది దయ కావచ్చును. ఎత్తి మోయువారి విసుగు తీరుటకైన, మందు ఎంత మెత్తనిదైనను అది విడుచుటయే. ఈ రెంటిని వేరుచేయుట యజమాని ఒక్కనికే సాధ్యము. పైవారు తీర్పు చెప్పలేరు.

2020లో ఈ ఘడియకు మరియొక ముడి పడెను. పశువైద్యశాలలు జబ్బుచేసిన కుక్కను కారు దగ్గరనే అందుకొని లోనికి తీసికొనిపోయెడివి. యజమానులు వెలుపల వేచియుండవలెను. అంత్యఘడియకు మాత్రము లోనికి రానిచ్చినవి పెక్కు, రానీయనివియు కలవు. మనుష్యుల ఆసుపత్రులలో సైతము కన్నబిడ్డలు దగ్గర లేకుండ పెద్దలు పోవుచున్న దినములవి. కారులో కూర్చుండినవారు విడిచినవారు కారు. తలుపు మూసినది వారు కాదు.

ఇప్పుడు ఆ తలుపులు తెరచియున్నవి. అయినను చూడలేక వెలుపల నిలిచిపోవువారు నేటికిని కలరు. వారి దుఃఖము అబద్ధము కాదు. కాని చూపు మసకబారి, వినికిడి పోయిన ముసలి కుక్కకును వాసన మిగిలియుండును. లోన కూర్చుండువారు మాటలాడ నక్కరలేదు. చేతిని దాని ముక్కు దగ్గర నుంచిన చాలును.