మొదటి రేసుకు వెళ్తున్న మా అమ్మడికి

అమ్మడూ,

మీ ఎడిటింగ్ రూము వాళ్లంతా కలిసి ఆదివారం గో-కార్ట్ రేసుకు వెళ్తున్నారని విన్నాను. సంతోషం. వెళ్లు, హాయిగా నడుపు. పెదనాన్నగా నాలుగు మాటలు చెప్తాను. మొదటిది నీ జడ గురించి.

2020 అక్టోబరులో మన హైదరాబాదు శివారు గుర్రంగూడలో ఒక అమ్మాయి కార్ట్ నడుపుతుంటే జుట్టు చక్రంలో చుట్టుకుపోయింది. ఆ పిల్ల బతకలేదు. 2018 ఫిబ్రవరిలో హర్యానాలోని పింజోర్‌లోనూ ఇలాగే ఒకావిడ ప్రాణం పోయింది. కార్ట్‌లో కూర్చునేది దాదాపు నేల మీదే. ఇంజను నీ పక్కనే, గిర్రున తిరిగే ఇరుసు నీ వీపు వెనకే ఉంటాయి. నీ జడేమో నడుము దాకా ఉంది. అందుకని ముడి మెడ దగ్గరికి, కిందికి వేసుకో. నడినెత్తిన వేస్తే హెల్మెట్ సరిగా కూర్చోదు. దాని మీద ట్రాకు వాళ్లిచ్చే పల్చటి టోపీ, ఆపైన హెల్మెట్. ఒక్క పాయ కూడా బయటికి వేలాడకూడదు. చున్నీ, స్కార్ఫు, మెడలో ఐడీ కార్డు తాడు అన్నీ బ్యాగులో పెట్టెయ్. ఇసడోరా డంకన్ అని ప్రపంచమంతా పేరున్న నర్తకి 1927లో ఫ్రాన్సులోని నీస్‌లో చనిపోయింది కూడా మెడలోని పొడవాటి స్కార్ఫు కారు చక్రంలో చిక్కుకునే. హెల్మెట్ వదులుగా ఉంటే మొహమాటపడకుండా మరొకటి అడుగు. ఇరుసు మీద కవరు లేని బండి ఇస్తే ఎక్కనని చెప్పు. కట్టిన డబ్బులు పోతే పోనీ.

ఇక నడపడం. షేక్‌పేట నుంచి ఫిల్మ్‌నగర్ వెళ్లే మలుపుల్లో స్కూటీతో పాటు నువ్వూ లోపలికి వంగుతావు. రెండు చక్రాల బండికి అది సరే, కార్ట్‌లో మాత్రం వంగకు. రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ కారుకు ఉన్నట్టు దీనికి ఉండదు. వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి కాబట్టి ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ. ఆ తేడా సర్దుకోవాలంటే లోపలి వెనక చక్రం నేల మీద నుంచి కాస్త తేలాలి. నువ్వు లోపలికి వంగితే నీ బరువు దాన్ని నేలకేసి అదుముతుంది, బండి మొరాయిస్తుంది. సీటుకు వీపు ఆనించి నిటారుగా కూర్చో, చాలు.

బ్రేకు ఎడమ కాలికి, యాక్సిలరేటరు కుడి కాలికి. రెండూ ఒకేసారి తొక్కకు. అద్దె కార్టుల్లో బ్రేకు పట్టేది వెనక చక్రాలనే. స్టీరింగు తిప్పుతూ బ్రేకు తొక్కితే బండి వెనక భాగం జారి చుట్టూ తిరిగిపోతుంది. ట్రాకు తిన్నగా ఉండగానే బ్రేకు పని ముగించి, తర్వాత స్టీరింగు తిప్పు. మొదటి రౌండులో టైర్లు చల్లగా ఉంటాయి, పట్టు తక్కువ. ఆ రౌండు ఎవరితోనూ పోటీ పడకు.

మీ సినిమా ఛేజుల్లో టైర్లు కీచుమంటూ, పొగ చిమ్ముతూ కారు పక్కకు జారితే అబ్బ, ఏం స్పీడు అనిపిస్తుంది. స్టాప్‌వాచ్ పట్టుకుని చూస్తే ఆ జారుడంతా పోగొట్టుకున్న వేగమే. అద్దె కార్ట్ ఇంజను చిన్నది. ఒకసారి పోయిన వేగం మళ్లీ కూడబెట్టుకోవడానికి దానికి చాలాసేపు పడుతుంది. మలుపులోకి ట్రాకు బయటి అంచు నుంచి రా, మధ్యలో లోపలి అంచును తాకేంత దగ్గరగా పో, మళ్లీ బయటి అంచుకు వదిలెయ్. అలా వెళ్తే మలుపు వంపు తగ్గుతుంది, స్టీరింగు తక్కువ తిప్పుతావు, వేగం నిలుస్తుంది. పొడవాటి తిన్నని దారికి ముందు వచ్చే మలుపు ఏదో కనిపెట్టి, దాన్ని అన్నిటికంటే శ్రద్ధగా తియ్యి. అక్కడ సంపాదించిన వేగం ఆ దారి పొడుగునా నీ వెంట వస్తుంది. చూపు ముందు బండి బంపరు మీద కాదు, నువ్వు వెళ్లాల్సిన చోట ఉండాలి.

వెనక ఎవరో తరుముతుంటే కంగారు పుడుతుంది. 2023 ఫిబ్రవరి 11న మన హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే కరెంటు కార్ల పోటీ జరిగింది కదా. అందులో గెలిచిన జాన్ ఎరిక్ వెర్న్‌కు చివరి రౌండ్లలో బ్యాటరీ తక్కువ ఉంది, వెనకే నిక్ క్యాసిడీ ఉన్నాడు. కంగారు పడకుండా, ఉన్న కాస్త చార్జీతోనే తన దారి కాపాడుకుని గెలిచాడు. అతనూ చిన్నప్పుడు కార్టుల్లో మొదలుపెట్టినవాడే. అయితే నీలం జెండా ఊపారంటే వెనక నీకంటే వేగంగా వచ్చేవాళ్లున్నారని అర్థం, దారి ఇవ్వు. పసుపు జెండా కనిపిస్తే వేగం తగ్గించు, ఎవరినీ దాటకు. ఎర్రజెండాకు ఆపెయ్. బండి తిరిగిపోయి ఆగితే దిగకు, చెయ్యెత్తి అక్కడే కూర్చో.

వయసు గురించి ఎవరైనా వెక్కిరిస్తే పట్టించుకోకు. మన సికింద్రాబాదులో పుట్టిన సినిమా హీరో అజిత్ కుమార్ యాభై దాటాక, 2025 జనవరిలో తన జట్టుతో దుబాయ్ 24 గంటల రేసులో దిగాడు. జట్టు వాళ్ల తరగతిలో మూడో స్థానంలో నిలిచింది. నీకింకా పాతికేళ్లే.

ఒక్కటి మాత్రం ఒప్పుకో. మీ పనిలో రిలీజు దగ్గరపడితే రాత్రిళ్లు నిద్ర ఉండదని నాకు తెలుసు. శనివారం రాత్రంతా ఎడిటింగ్‌లోనే గడిస్తే ఆదివారం బండెక్కకు, గట్టున నిలబడి మీవాళ్ల రేసు చూడు. రేసులు మళ్లీ వస్తాయి తల్లీ.