తరుగు బలము, తరుగని కృప

ధ్యానభాగములు: యెషయా 40:28-31, 42:1-4, 2 కొరింథీయులకు 4:16 - 5:1

దక్షిణ అండమాను దీవిలో, ఫెరార్‌గంజ్ తహసీలునందు, చౌల్దారీ అను గ్రామము కలదు. 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చబడిన పోర్ట్ బ్లెయిర్ నగరమున్నదియు ఆ దీవియందే. హిందూస్థానీ భాషలో ఛోల్దారీ అనగా రెండు గుంజలమీద నిలుచు చిన్న గుడారము. కావున ఆ గ్రామము పేరు చెవిని పడగానే, గుడారములు కుట్టి జీవనము చేసిన అపొస్తలుడైన పౌలు జ్ఞప్తికి వచ్చుట సహజము.

2004 డిసెంబరు 26న సంభవించిన మహా భూకంపమువలన ఆ దీవి భూమి సుమారు ఒక మీటరు క్రిందికి క్రుంగెను. సునామీ కెరటములు వచ్చి వెళ్లిన తరువాతను, పల్లపు వరిపొలములలో సముద్రపు నీరు పోటువేళ ఎక్కుచు ఆటువేళ తీయుచు నుండెను. పొలమంతయు నీరే, అయినను పైరు బ్రదుకలేదు. ఉప్పు నీటిని పట్టియుంచుటచేత వేరు దానిని త్రాగజాలదు. మొదట ఆకు కొన మాడును, పిమ్మట ఆకంతయు వాడును, కడకు మొక్క యెండును. వాడిన దానికిని ఎండిన దానికిని గల భేదము రైతుకు తెలియును. వాడినది మంచి నీరు తగిలిన లేచును, ఎండినది లేవదు.

ఆంగ్ల భాషలో ఈ భేదములకు వేరువేరు క్రియలు కలవు. మొక్క వాడుట విల్ట్, ఎండిపోవుట వితర్. సముద్రపు ఆటువలె తీసిపోవుట ఎబ్. చంద్రునివలె దినదినము తరుగుట వేన్. రంగు వెలిసిపోవుట ఫేడ్. బిగువు తప్పి వ్రేలాడుట ఫ్లాగ్. తెలుగు ఈ విషయములో పేదది కాదు. అలయుట, సొమ్మసిల్లుట, విసుగుట, సడలుట, క్రుంగుట, మసకబారుట, క్షీణించుట అను మాటలు మన యిండ్లలోనే కలవు. అయినను సంఘములో వీటన్నిటిని కలిపి ఒకే మాట చెప్పుట వాడుకయైనది: “విశ్వాసము తగ్గినది.”

సంవత్సరములతరబడి మంచము పట్టిన భర్తకు పరిచర్య చేయుచున్న ఒక తల్లిని తలంచుకొనుడి. రాత్రులు నిద్ర లేదు. ఆదివారపు ఆరాధనలో ఆమె కునుకును. స్త్రీల కూటమునకు రాలేకపోవును. “అమ్మా, మీలో మునుపటి ప్రార్థనాజీవితము కనబడుట లేదు” అని తోటి విశ్వాసి ఒకరు మంచి మనస్సుతోనే హెచ్చరించును. ఆ తల్లి ఇంటికి పోయి, దేవుడు తనను విడిచెనని యేడ్చును. ఒక్క మాట సరిగా ఎన్నుకొననందున ఎంత గాయము! ఆమె విశ్వాసము ఎండలేదు; ఆమె శరీరము అలసినది.

పరిశుద్ధ గ్రంథము ఈ పొరపాటు చేయదు. యెషయా 40వ అధ్యాయములో సొమ్మసిల్లుటకు యాఎఫ్ అనియు, పాటుపడి అలయుటకు యాగా అనియు, అడుగు తొట్రిల్లుటకు కాషల్ అనియు మూడు హెబ్రీ మాటలు కలవు. మొదటి రెండును దేవునికి లేవని ప్రవక్త చెప్పును. ఆ రెండును యౌవనస్థులకు సైతము కలవని వెంటనే ఒప్పుకొనును. అలయుట సృష్టింపబడినవాని లక్షణమేగాని పాపము కాదు.

అలసినవానికి దేవుడు చేసిన చికిత్స చూడుడి. ఏలీయా బదరీవృక్షము క్రింద పడి, చావు కోరుకొనెను. దూత వచ్చి గద్దించెనా? లేదు. నిద్రపోనిచ్చెను, రొట్టెయు నీళ్లును ఇచ్చెను. మరల నిద్ర, మరల భోజనము. ప్రయాణము అతని శక్తికి మించినదని దూతయే ఒప్పుకొనెను. మోషే చేతులు బరువెక్కినప్పుడు ఇంకను గట్టిగా ఎత్తుమని ఎవరును అనలేదు. కూర్చుండుటకు ఒక రాయి వేసిరి. అహరోనును హూరును చెరియొక ప్రక్కను చేతులు పట్టుకొనిరి. ఆ తల్లికి కావలసినది హెచ్చరిక కాదు. ఒక రాత్రి ఆమెకు బదులుగా రోగియొద్ద కూర్చుండు ఇద్దరు మనుష్యులు.

మరియొక విధమైన క్షీణత కలదు. గలతీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయము 9వ వచనములో పౌలు రెండు గ్రీకు మాటలు వాడెను. ఒకటి మనస్సు విసిగి ధైర్యము విడుచుట. రెండవది ఎక్లుఓ, అనగా కట్టు వదులైనట్లు సడలిపోవుట. చేసిన మేలుకు ఫలము కనబడనప్పుడు మొదట మనస్సు విసుగును, పిమ్మట చేయి సడలును. ఇట్టివానికి నిద్ర మాత్రము చాలదు. కోతకాలమొకటి కలదను నిరీక్షణ కావలెను. గుడారపు త్రాడు వదులైనప్పుడు దానిని పారవేయరు. మరల బిగించి కట్టుదురు.

దుఃఖమువలన కలుగు క్షీణత ఉప్పెక్కిన పొలమువంటిది. చుట్టును వాక్యమున్నది, పాటలున్నవి, ప్రసంగములున్నవి. అయినను ప్రాణము త్రాగజాలదు. నయోమి తన్ను మారా అని పిలువుమనిన దినములు అట్టివే. ఆ చేదును ఎవరును ఒక్క దినములో తీసివేయలేదు. రూతు ఆమెను విడువక వెంట నడిచెను. సముద్రపు నీరు రాకుండ గట్టు వేసి, నిలిచిన నీరు పోవుటకు కాలువ తీసిన మడులలో, అండమాను దీవులమీద కురియు విస్తారమైన వానలే ఏటికేడు ఉప్పును కడుగును. ఓర్పులేనివాడు అట్టి పొలమును చవుడని విడిచిపెట్టును. ఓర్పుగలవాడు గట్టును కాపాడి వానకొరకు కనిపెట్టును.

మసకబారిన దీపము సంగతి యేమి? యెషయా 42వ అధ్యాయము 3వ వచనములో నలిగిన రెల్లును, మకమకలాడు వత్తియు కనబడును. యెహోవా సేవకుడు రెల్లును విరువడు, వత్తిని ఆర్పడు. తరువాతి వచనములో ఆ సేవకుని గూర్చియే, అతడు మందగిలడని, నలుగుడుపడడని చెప్పబడెను. తెలుగులో వత్తికి ఒక మాటయు సేవకునికి వేరొక మాటయు ఉన్నను, హెబ్రీలో రెండు చోట్లను మూలపదము ఒక్కటే: కాహా, అనగా మసకబారుట. నలుగుటకును రెండు చోట్ల ఒక్కటే మూలపదము. మసకబారిన వత్తిని తాను మసకబారనివాడు చేత పట్టుకొనియున్నాడు. వత్తికి ధైర్యము దాని వెలుగులో లేదు. దానిని పట్టుకొనిన చేతిలో ఉన్నది.

కడపటిది వృద్ధాప్యము. అది వదులైన త్రాడు కాదు. గుడారమునే విప్పు కాలము. పౌలు శరీరమును గుడారమనియు, అది విప్పబడుననియు చెప్పినప్పుడు వాడిన గ్రీకు మాట కతలుఓ. ఎక్లుఓకు దానికిని మూలము ఒక్కటే, విప్పుట. కన్ను మందగించి, అడుగు తడబడు వృద్ధ విశ్వాసిని చూచి, “మునుపటి శక్తి ఏది?” అని అడుగుట న్యాయము కాదు. బాహ్యపురుషుడు క్షీణించుచుండగానే ఆంతర్యపురుషుడు దినదినము నూతనమగుచున్నాడు. గుడారము విప్పబడుట యాత్రికునికి నష్టము కాదు. చేతిపని కాని నిత్యనివాసము అతనికొరకు పరలోకమందున్నది.

అన్నిటికంటె ఆశ్చర్యమైన సంగతి ఒకటి కలదు. అలయనివాడని యెషయా ప్రకటించిన దేవుని కుమారుడు, సుఖారను ఊరియొద్ద, యాకోబు బావిదగ్గర, ప్రయాణమువలన అలసి కూర్చుండెను. మధ్యాహ్నపు ఎండలో ఒక స్త్రీని త్రాగుటకు నీళ్లు అడిగెను. ఆయన అలసట నెవడును విశ్వాసలోపమనడు. ఆ బావియొద్ద కూర్చున్నవానికి, అలసిన తల్లికిని విసిగిన పరిచారకునికిని, దుఃఖమున వాడినవానికిని వృద్ధునికిని గల భేదము తెలియును. ఆయన అందరికిని ఒకే మాట చెప్పడు. ఒకనికి నిద్రయు, ఒకనికి తోడును, ఒకనికి నిరీక్షణయు, ఒకనికి నిత్యగృహమును ఇచ్చును.

ఓ విశ్వాసీ, నీ పొరుగువాని బలహీనతకు పేరు పెట్టకమునుపు, అతని ప్రక్కను కొంతసేపు కూర్చుండుము. సొమ్మసిల్లినవారికి బలమిచ్చు దేవుడు, నలిగినవారిని విరువక, మసకబారినవారిని ఆర్పక, తన దినమువరకు కాపాడును గాక. ఆమేన్.