ఆ చెయ్యి ఎవరిది?

మా మేనకోడలు సెలవులకి వచ్చిందంటే మా ఇంట్లో రెండు మార్పులు జరుగుతాయి. గిన్నెలో పెరుగు నిలవదు, హాల్లో నిశ్శబ్దం నిలవదు. మొన్న వచ్చినప్పుడు ఏవో పాత రికార్డులు వెంట తెచ్చింది. పాతవంటే ఘంటసాలవీ సుశీలవీ అనుకునేరు. అవి కావు. కొన్ని దశాబ్దాల కిందట విదేశాల్లో యంత్రాలతో చేసిన సంగీతమట. "ప్రయోగాత్మక ఎలక్ట్రానిక్ సంగీతం, అత్తా!" అని దాని పేరు కూడా చెప్పింది. మొదటి రికార్డు అలా పెట్టిందో లేదో, పూజగదిలోంచి మా అత్తగారు, "ఎవరే మిక్సీ ఆపకుండా వెళ్లిందీ?" అని కేకేశారు.

నిజం చెప్పొద్దూ, నాకూ అలాగే అనిపించింది. కానీ పదిరోజులపాటు వద్దన్నా చెవిన పడుతూ ఉండగా, అందులో మూడు రికార్డులు నన్ను పట్టుకున్నాయి. మీరు నవ్వినా సరే, నాకిష్టమైన రికార్డులు ఏవని ఎవరైనా అడిగితే ఇకమీదట వాటిని కూడా చెబుతాను. ఎందుకు ఇష్టమో చెప్పాలంటే మాత్రం, నేను చేసిన ఓ పాత తప్పు కూడా బయట పెట్టాల్సి వస్తుంది.

మొదటి రోజున, "దీన్ని వాయించిందెవరే?" అని అడిగాను. "ఎవరూ వాయించలేదు అత్తా, మెషీన్!" అంది. ఆ జవాబు నాకు నచ్చలేదు. మెషీన్ దానంతటది ఎక్కడ వాయిస్తుంది? గ్రైండరు కొన్నంత మాత్రాన ఇడ్లీపిండి సిద్ధమైపోతుందా? పప్పు నానబోసిందెవరు? ఏ పూట ఎంత పులవాలో తెలిసిందెవరికి? వెనకాల ఒక చెయ్యి ఉండి తీరాలి. "ఆ చెయ్యి ఎవరిదో చెప్పు" అన్నాను.

అప్పుడు చెప్పింది. మొదటి రికార్డు పేరు 'స్విచ్డ్ ఆన్ బాక్'. 1968లో వచ్చింది. బాక్ అంటే 1685లో జర్మనీలో పుట్టిన మహా సంగీతకర్త. ఆయన రచనల్ని అమెరికాలో వెండీ కార్లోస్ అనే ఆవిడ మోగ్ సింథసైజర్ మీద పలికించింది. ఆ యంత్రం ఫొటో చూస్తే పాతకాలం టెలిఫోను ఎక్స్ఛేంజిలా ఉంది, ఎక్కడ చూసినా తీగలూ మరలూ. దాని గుణం ఏమిటంటే, ఒక్కసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. రెండు స్వరాలు కలిసి వినిపించాలంటే ఒకటి వాయించి టేపు మీదికి ఎక్కించి, రెండోది మళ్లీ వేరే వాయించి దాని పక్కన చేర్చాలి. పైగా ఆ యంత్రం ఊరికే శ్రుతి తప్పేది. శ్రుతి చేసుకోవడం, నాలుగు స్వరాలు పట్టడం, మళ్లీ శ్రుతి చేసుకోవడం. మల్లెమొగ్గలు ఒక్కొక్కటే దారానికి గుచ్చినట్టు నెలల తరబడి అదే పని. రేచెల్ ఎల్కిండ్ అనే ఆవిడ నిర్మాతగా పక్కన నిలబడింది. 1970లో దానికి మూడు గ్రామీ బహుమతులొచ్చాయి. పది లక్షలకి పైగా అమ్ముడుపోయింది.

యంత్రంలో హృదయం ఎక్కడుంటుందండీ అని మీరు అడగొచ్చు. వీణలో మాత్రం ఎక్కడుంది? అది పనసకర్రే కదా! హృదయం కర్రలోనూ లేదు, కరెంటులోనూ లేదు. పనిచేసే మనిషి ఓపికలో ఉంది. ఇదీ ఆ మొదటి రికార్డు నాకు చెప్పిన సంగతి.

రెండోది వచ్చేసరికి, ఆ ఓపికకి ఏం గతి పడుతుందో తెలిసింది. ఈ రికార్డు పేరు 'యాన్ ఎలక్ట్రిక్ స్టార్మ్'. 1969లో లండన్‌లో తయారైంది. డేవిడ్ వోర్హాస్, బ్రయన్ హాడ్జ్‌సన్, డీలియా డర్బీషైర్ కలిసి చేశారు. బృందం పేరు వైట్ నాయిస్. అందులో పాటలున్నాయి, నవ్వులున్నాయి, కేకలున్నాయి, ఏడుపులున్నాయి. వాన కురిసే రాత్రి ఒంటరిగా మాత్రం వినకండి. వచ్చిన కొత్తలో పెద్దగా అమ్ముడుపోలేదట. నాకు రికార్డు కంటే కూడా డీలియా కథ మనసులో నాటుకుంది.

ఆమె 1937లో ఇంగ్లాండులోని కొవెంట్రీలో పుట్టింది. 1940లో ఆ ఊరి మీద బాంబులు పడ్డప్పుడు మోగిన సైరన్లు మూడేళ్ల పసిదాని చెవిలో నిలిచిపోయాయి. కేంబ్రిడ్జిలో లెక్కలూ సంగీతమూ చదివింది. 1959లో డెక్కా రికార్డుల కంపెనీకి వెళ్లి ఉద్యోగం అడిగితే, స్టూడియోల్లో ఆడవాళ్లని పెట్టుకోమన్నారు. చివరికి బీబీసీలో చేరి, 1962లో అక్కడి రేడియోఫోనిక్ వర్క్‌షాపుకి వెళ్లింది. నాటకాలకీ కార్యక్రమాలకీ కొత్తకొత్త ధ్వనులు తయారుచేసే విభాగం అది. ఓ పాత ఆకుపచ్చ లాంప్‌షేడ్‌ని తట్టి, ఆ మోతలోంచి సంగీతం తీసేదట. మన కంచుగంట మోగాక చివర మిగిలే ఆ నాదం ఉంటుందే, అలాంటిదన్నమాట.

1963లో 'డాక్టర్ హూ' అనే టీవీ సీరియల్‌కి ప్రారంభ సంగీతం కావలసి వచ్చింది. రాన్ గ్రైనర్ అనే సంగీతకర్త బాణీ కాగితం మీద రాసిచ్చాడు. దానికి ప్రాణం పోసింది డీలియా, డిక్ మిల్స్ అనే సహాయకుడితో. ఒక తీగ మీటి, ఆ చప్పుడు టేపు మీద పట్టి, వేగం పెంచీ తగ్గించీ స్వరాలు పుట్టించింది. ఏ స్వరం ఎంతసేపు ఉండాలో అంత పొడుగు టేపు కొలిచి, బ్లేడుతో కోసి, ముక్కకి ముక్క అతికించింది. జాకెట్టు కుట్టేటప్పుడు మనం కొలుస్తామే, సరిగ్గా అలాగ. అంతా విన్నాక గ్రైనర్, ఇది నేను రాసిందేనా అని తెల్లబోయాడట. చాలామటుకు మీదే అందట డీలియా.

ఆయన పెద్దమనిషి. పేరులో ఆమె పేరూ ఉండాలి, వచ్చే సొమ్ములో సగం ఆమెకి రావాలి అన్నాడు. వర్క్‌షాపు ఉద్యోగుల పేర్లు వెయ్యకూడదని సంస్థ నియమం. కుదరదన్నారు. దేశమంతా ఆ సంగీతం విన్నది. చేసిన చెయ్యి మాత్రం ఎవరికీ తెలియలేదు. 2001లో డీలియా పోయింది. ఆమె అటక మీద 267 టేపులు దొరికాయి. ఆ సీరియల్‌కి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా 2013లో వేసిన ప్రత్యేక భాగంలో, మొదటిసారి తెర మీద ఆమె పేరు పడింది. చూసుకోవడానికి ఆమె లేదు.

ఇది విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కారణం డీలియా కాదు, మా తోడికోడలు.

1991 దసరాలు. అప్పట్లో అందరం రాజమండ్రిలో ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. బొమ్మల కొలువు పెట్టాం. మా తోడికోడలు నాకంటే చిన్నది, మాట తక్కువ, పనిమంతురాలు. నెలరోజులు మధ్యాహ్నం నిద్ర మానుకుని, ఖాళీ అగ్గిపెట్టెలతో ఇంతెత్తు గాలిగోపురం కట్టింది. చాక్లెట్ల బంగారు కాగితాలు అంటించి కలశాలు కూడా పెట్టింది. పేరంటానికి వచ్చినవాళ్లలో మా వారి ఆఫీసరుగారి భార్య ఉన్నారు. ఆవిడ గోపురం ముందు నిలబడిపోయి, నా వైపు తిరిగి, "ఇంత ఓపిక ఎక్కడిదండీ మీకు! మీ చేతిలో ఏదో ఉంది" అన్నారు.

నేనేమన్నానో తెలుసా? "ఏదో లెండి, పిల్లల సరదా" అన్నాను. అని, బొట్టు పెట్టాను. అబద్ధమాడానా? లేదు. అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. శనగల పళ్లెంతో మా తోడికోడలు గుమ్మంలోనే ఉంది. అంతా వింది. పళ్లెం బల్ల మీద పెట్టి, కాఫీ చూడ్డానికి లోపలికి వెళ్లిపోయింది. ఆ రాత్రి ఏమైనా అంటుందేమో అని చూశాను. అనలేదు. నేనూ కదిలించలేదు. ఆ తర్వాత మా కొలువు గురించి ఎవరు మెచ్చుకున్నా, ఆ మెప్పు నా ఖాతాలోకే వచ్చింది.

గ్రైనర్‌కి నియమం అడ్డొచ్చింది. నాకేం అడ్డొచ్చింది? "మా తోడికోడలు చేసిందండీ" అనడానికి ఎంతసేపు పడుతుంది?

మర్నాడు ఈ మాట మా అత్తగారితో అన్నాను. తొంభైకి దగ్గరపడ్డ మనిషి. జపమాల తిప్పుతూనే, "పేరు కోసం చేస్తామా ఏమిటమ్మా? ఫలం ఆశించకుండా చెయ్యమనే కదా గీతలో చెప్పిందీ" అన్నారు. ఆ మాటకి నా మనసు కొంచెం కుదుటపడింది కూడా. నాకు అనుకూలమైన వేదాంతం మరి!

ఆ వేదాంతాన్ని మూడో రికార్డు ఓ పక్క నిజం చేసింది, ఓ పక్క తిప్పికొట్టింది. ఎలియాన్ రాదిగ్ 1932లో పారిస్‌లో పుట్టింది. ముగ్గురు పిల్లల తల్లి. న్యూయార్కులో ఏ.ఆర్.పి. 2500 అనే సింథసైజర్ కొనుక్కుని, మెట్ల పలక అక్కడే వదిలేసి, మిగతాది ఫ్రాన్సుకి తెచ్చుకుంది. వేళ్లతో మరలు అతి నెమ్మదిగా తిప్పుతూ, ఇంట్లో ఒక్కతే కూర్చుని ఏళ్ల తరబడి పనిచేసింది. ఆమె చేసిన 'ట్రిలోజీ ద లా మోర్' మూడు గంటల రచన. మృత్యువు గురించి మూడు భాగాలు. బౌద్ధం ఆచరించిన మనిషి కాబట్టి మొదటి భాగం, 1988 నాటిది, టిబెట్టువారి మరణ గ్రంథం ఆధారంగా చేసింది. 1989లో ఆమె కొడుకు కారు ప్రమాదంలో పోయాడు. 1991లో ముగిసిన రెండో భాగం పేరు 'కైలాస'. మన కైలాసమే. ఆ కొండ చుట్టూ మనసులో చేసే ప్రదక్షిణ. 1993లో మూడోది.

అందులో బాణీ లేదు, తాళం లేదు. తంబూరా ఒక్కటే ఉన్న కచేరీ అనుకోండి. పది నిమిషాలదాకా ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత, తెల్లవారుతున్నప్పుడు గోడ రంగు మారినట్టు, ఏదో మారిందని తెలుస్తుంది. "కొడుకు పోయాక చేసిందిటండీ" అన్నాను మా అత్తగారితో. ఆవిడ జపమాల ఆపి విన్నారు. చివర్న, "ఇంకోసారి పెట్టమను" అన్నారు. మిక్సీ మాట ఎత్తలేదు.

రాదిగ్ పేరు కోసం పాకులాడలేదు. మా అత్తగారు చెప్పినట్టే చేసింది. కానీ అక్కడే నాకు తేడా తెలిసింది. వదులుకున్నది ఆమె, తన వంతు. ఎవరి పేరు వాళ్లు వదులుకుంటే అది వైరాగ్యం. ఎదుటివాళ్ల పేరు మనం వదిలేస్తే దాన్ని వైరాగ్యమనరు. నేను వదిలేసింది నాది కాదు. గీత నాకు పనికొచ్చేది మెప్పు వద్దనుకోవడానికే గాని, ఇంకొకరి మెప్పు దాచుకోవడానికి కాదు. ఓపిక, ఓపిక అని ఆడవాళ్లని తెగ పొగుడుతాం. ఆ ఓపిక ఎవరిదో చెప్పడం దగ్గరికొచ్చేసరికి మన నోరు పెగలదు.

ఆ సాయంత్రమే మా తోడికోడలికి ఫోన్ చేశాను. మోకాళ్ల నొప్పులూ మనవల చదువులూ అయ్యాక, గొంతు సవరించుకుని అంతా చెప్పాను. ఆ గోపురం నీదని ఆవిడతో అనాల్సింది, అనలేదు, తప్పు నాదే అన్నాను. కాసేపు అటునుంచి మాట లేదు.

"ఏ కొలువక్కయ్యా? ఎప్పటి మాట! నాకసలు గుర్తే లేదు" అంది నవ్వుతూ. ఇది పత్రికకి రాస్తానన్నాను. "రాసుకో. నా పేరు మాత్రం వెయ్యకు సుమా, మా వీధిలో నవ్వుతారు" అంది. అంచేత వెయ్యడం లేదు. అది ఆమె ఇష్టం, ఆమె హక్కు.

ఫోన్ పెట్టబోతూ ఉంటే, "అయినా అక్కయ్యా, ఆ గోపురానికి నూట పద్ధెనిమిది అగ్గిపెట్టెలు పట్టాయి. ఆఖర్న ఒకటి తక్కువైతే పక్కింటివాళ్లనడిగి తెచ్చాను" అంది.